పేకముక్కలో బందరావిడ

దేవుడికి కుడిచెయ్యి, ఎడమచెయ్యి అన్న పట్టింపు నిజంగా ఉంటుందా అన్న సందేహం వసుమతిని ఏళ్ళ తరబడి వదల్లేదు. కూతురు రేణు మొదటిసారి చెంచా పట్టుకున్ననాడు పుట్టిన సందేహం అది. ఎవర్నీ అడగలేదు. ఒకసారి పిట్స్‌బర్గ్ గుడిలో అర్చకుల దాకా వెళ్ళి, అడగబోయి, తల వంచి శఠగోపం పెట్టించుకుని వచ్చేసింది. పట్టింపు ఉందంటే బాధ. లేదంటే మరి ఇన్నేళ్ళూ పిల్లని ఎందుకు కసిరినట్టు? ఏ జవాబు వచ్చినా మింగుడుపడేది కాదు. అందుకని సందేహాన్ని సందేహంగానే ఉంచుకుని, దాని ముందే దీపం వెలిగించుకుంటూ వచ్చింది.

ఎనభై మూడో సంవత్సరం శ్రావణమాసంలో ఒక మంగళవారం ఆమె లైబ్రరీకి వెళ్ళినప్పుడు మాత్రం ఇదేదీ మనసులో లేదు. వాళ్ళుండేది అమెరికాలో, నోవై అనే ఊళ్ళో. పక్కనున్న చిన్న ఊళ్ళో, ఒక పాత చెక్క ఇంట్లో నడిచే లైబ్రరీ అది. వేసవి సెలవుల్లో రేణు అక్కడ పుస్తకాలు సర్దిపెడుతూ ఉంటుంది. పదమూడేళ్ళ పిల్ల, తల్లి భుజం దాటి ఎదిగింది. లైబ్రరీ నడిపే మిసెస్ హేన్స్ ముందురోజు ఫోన్ చేసి, "రేణుతో ఒక పని పడింది, మీరు కూడా వస్తే బాగుంటుంది," అంది.

మిసెస్ హేన్స్ వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. బల్లమీద గాజు మూత పెట్టిన పెట్టె ఉంది. అందులో వరసగా పేకముక్కలు. వసుమతి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఇంట్లో పేకముక్క కంటపడితే ఆవిడ ఊరుకోదు. అందుకే ఆవిడ భర్త దామోదర్ తన పేకని గరాజ్‌లో, మంచు ఎత్తే పార పక్కన దాచుకుంటాడు.

"మూడువందల ఏళ్ళ కిందటివి," అంది మిసెస్ హేన్స్. "ఈ ఊళ్ళో ఒకాయన జీవితమంతా పోగుచేసి, పోయేముందు మాకిచ్చి వెళ్ళాడు. చూడండి, నాలుగు రంగులకి నాలుగు ఖండాలు. ఆటీన్లు యూరప్. ఇస్పేట్లు ఆఫ్రికా. కళావర్లు అమెరికా. డైమన్లు ఆసియా. ఒక్కో ముక్కలో ఒక్కో దేశం మనిషి, ఆ దేశపు బట్టల్లో. ఊరి పొలిమేర దాటనివాళ్ళు కూడా పేకాడుకుంటూ ప్రపంచం చూసేసినట్టు ఉండేదన్నమాట."

శనివారం పొద్దున వీటి ఎగ్జిబిషన్ మొదలు. ఒక్కో రంగు నుంచి ఒక ముక్కని మనిషెత్తు ఫోటోగా పెంచి గోడకి పెడతారు. ఆ ఫోటో పక్కన, అవే బట్టలు వేసుకుని, అదే భంగిమలో ఒక పిల్ల నిలబడాలి. డైమన్లకి రేణు.

"డైమన్ ఎనిమిది," అని మిసెస్ హేన్స్ గోడకి ఆనించిన పెద్ద ఫోటోని తిప్పింది.

బొమ్మ కింద వంకర అక్షరాలతో ఊరి పేరు ఉంది. మసూలిపటం. వసుమతి వంగి ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది. మసూలిపటం అంటే బందరు. బందరంటే ఆమె పుట్టి, పెరిగి, మెళ్ళో తాళి కట్టించుకుని బయల్దేరిన ఊరు. ఆ పేరు ఈ దేశంలో ఇంకొకరి నోట వినలేదు ఇంతవరకూ.

ఆ సంతోషం పేరు దగ్గరే ఆగిపోయింది. పైన ఉన్న ఆడమనిషిని చూస్తే ఒళ్ళు మండింది. తలలో ఈకలు గుచ్చుకుని ఉంది. వెనకాల ఎక్కడో పందంత ఏనుగు. పైట కుడిభుజం మీద ఉంది. పళ్ళున్న పళ్ళేన్ని ఎదుటివాళ్ళకి ఎడంచేత్తో చాచి పట్టుకుంది.

"ఇది మా ఊరే," అంది వసుమతి నెమ్మదిగా, ఇంగ్లీషు మాటలు ఏరుకుంటూ. "కానీ ఈవిడ మా మనిషి కాదు."

"ఏం?"

"మేం ఈకలు పెట్టుకోం. పైట ఇటువైపు వేసుకుంటాం." చీరకట్టుతోనే వచ్చింది కనక తన ఎడమభుజాన్ని తట్టి చూపించింది. "ఎడంచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వం. శత్రువుకైనా ఇవ్వం. అది అవమానం."

మిసెస్ హేన్స్ నొచ్చుకోలేదు. "ఇవి గీసినవాళ్ళలో చాలామంది ఓడ ఎక్కినవాళ్ళు కారు. వాళ్ళ తప్పులు చూపించడం కూడా ఎగ్జిబిషన్‌లో భాగమే అనుకున్నాను."

"ఆ తప్పులో మా అమ్మాయిని నిలబెడితే, చూసేవాళ్ళకి అది తప్పని ఎలా తెలుస్తుంది?"

మిసెస్ హేన్స్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "నిజమే. నాకు తోచలేదు," అంది. "మీ పద్ధతి ఎలాగో అలాగే కట్టి తీసుకురండి."

ఇంతసేపూ రేణు అక్కడ లేనట్టే ఉంది. ఫోటోకి బాగా దగ్గరగా వెళ్ళి నిలబడింది. తన ఎడమచెయ్యి చాచి, బొమ్మలో చెయ్యి ఉన్నంత ఎత్తులో పెట్టి చూసుకుంది.

"అమ్మా, లుక్. షీ ఈజ్ లెఫ్టీ. నాలాగే."

"అది తప్పు బొమ్మే. ఇప్పుడేగా చెప్పాను," అంది వసుమతి.

రేణు చెయ్యి దించేసింది.

*

దామోదర్ కార్ల కంపెనీలో ఇంజినీరు. సాయంత్రం వచ్చి, షూ విప్పుతూ, జరిగిందంతా విని, "అయితే ఇవాళ మా ఇంటావిడ పేకముక్క గురించి పోట్లాడి గెలిచిందన్నమాట," అన్నాడు. "ఈ మాట నాతో పేకాడే రామమోహన్ వాళ్ళతో చెప్తే నమ్మరు. డైమన్ ఎనిమిది ఇకనుంచి మన ఇంటి ముక్క. ఆటలో వస్తే పారెయ్యకూడదు."

"మీకు వేళాకోళంగా ఉంది. పైట కుడిభుజం మీదండీ. తద్దినంనాడు మీరు జంధ్యం మార్చుకున్నట్టు."

"అదీ శాస్త్రమే కదా వసూ. పితృదేవతలు అలా వేసుకుంటేనేగా పుచ్చుకునేది."

"అది వేరు."

"సరే, వేరు," అని ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయనకి భార్యతో వాదించడం కంటే చారు వేడిగా ఉన్నప్పుడు భోంచెయ్యడం ముఖ్యం.

మర్నాడు వసుమతి పెట్టె అడుగునుంచి తన అద్దకం చీర తీసింది. ముదురెరుపు మీద నల్లటి లతలు, అంచుపొడుగునా చిలకలు. బందరులో వాళ్ళ వీధి చివర అద్దకం షెడ్డులో, నాన్న పక్కన నిలబడి ఏరుకున్న చీర. కలరా ఉండల వాసన పోవాలని వెనక డాబామీద కాసేపు ఎండలో వేసింది. తర్వాత పడగ్గదిలో నిలువుటద్దం ముందు రేణుని నిలబెట్టి కట్టింది. పిల్లకి నడుము లేదు, చీర జారుతోంది. కుచ్చెళ్ళకి పిన్ను, భుజానికి పిన్ను.

"ఊపిరి పీల్చకు. ఆఁ, ఇప్పుడు వదులు."

"ఇట్స్ హెవీ, అమ్మా."

"అలవాటైతే తెలియదు. ఇదిగో పళ్ళెం."

ఇత్తడి పళ్ళెంలో నాలుగు ఆపిల్సు, ఒక ద్రాక్షగుత్తి. రేణు కుడిచేత్తో చాచి పట్టుకుంది. మణికట్టు వణికింది. ఒక ఆపిల్ దొర్లుకుంటూ అంచుకొచ్చి కార్పెట్ మీద పడింది. వంగి తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

"లెఫ్ట్‌తో పట్టుకుంటే పడవు."

"వద్దు."

"బొమ్మలో కూడా లెఫ్టే కదా."

"ఆ బొమ్మ చూసి నలుగురూ ఏమనుకుంటారో నీకు తెలీదు."

"ఎవరు? మిసెస్ హేన్సా? నా ఫ్రెండ్ డెబ్బీ వాళ్ళ మామ్? వాళ్ళకేం తెలుసు?"

"నాకు తెలుసు కదా. భగవంతుడికి తెలుసు కదా."

రేణు అద్దంలోంచి తల్లిని చూసింది. "స్కూల్లో నేను లెఫ్ట్‌తో రాస్తా. లెఫ్ట్‌తో టెన్నిస్ ఆడతా. ఇంటికొస్తే నాకు రైట్ హ్యాండ్ ఒక్కటే ఉన్నట్టు. ఆ బొమ్మ నీకు ఎందుకు నచ్చలేదో నాకు తెలుసు."

"ఎందుకు?"

"నాలాగా ఉంది కాబట్టి."

వసుమతి నేలమీద కూర్చుని కుచ్చెళ్ళ అడుగు సరిచేస్తోంది. తల ఎత్తలేదు. సరిచేసిన మడతనే మళ్ళీ సరిచేసింది.

"రేపు మళ్ళీ చూద్దాం. కుడిచెయ్యి కింద ఎడంచెయ్యి ఆసరా పెట్టుకోవచ్చు," అంది చివరికి.

రేణు చీర తనే విప్పుకుని, కుప్పగా పోసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ తల్లి అడిగిన దానికల్లా "ఓకే" అని మాత్రమే జవాబిచ్చింది.

గురువారం వసుమతి పూజ దగ్గర కూర్చుంటే మంత్రం మధ్యలో తెగిపోయింది. మందిరంగా మార్చుకున్న వంటింటి అలమరలో వేంకటేశ్వరుడి పటం ఉంది. ఆయనకి ఆమె ఒక మొక్కు బాకీ. రేణు పొత్తిళ్ళలో ఉండగా జ్వరం వచ్చి, ఆస్పత్రి గాజు తొట్టెలో కళ్ళు మూసుకుని పడున్నప్పుడు మొక్కుకుంది: పిల్ల దక్కితే, శ్రావణ శనివారంనాడు తన చేత్తో నీకు పిండిదీపం వెలిగిస్తుంది స్వామీ, అని. పిల్ల దక్కింది. నడిచింది. మొదటిసారి అగ్గిపుల్ల ఇస్తే ఎడంచెయ్యి చాచింది. వసుమతి ఆ చెయ్యి పక్కకి తోసి, పిల్ల కుడిచేతిని తన గుప్పిట్లో పెట్టి, తనే గీసి తనే వెలిగించింది. ఆ తర్వాత ఏటా అంతే. అది పిల్ల వెలిగించిన దీపం కాదని ఆమెకు తెలుసు. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

*

శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీలో ఆఖరి సర్దుబాట్లు. గోడలకి నాలుగు పెద్ద ఫోటోలూ ఎక్కించారు. కళావర్ల అమెరికా మనిషి తలలోనూ ఈకలే, ఆఫ్రికా మనిషి నడుముకీ ఈకలే. ప్రపంచంలో యూరప్ తప్ప మిగతా అందరూ కోళ్ళఫారం నడుపుకుంటున్నట్టు గీశాడు మహానుభావుడు, అనుకుంది వసుమతి.

కిటికీ దగ్గర మిసెస్ హేన్స్ భర్త ఒక బల్ల వేసుకుని కూర్చున్నాడు. చాలాకాలం అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, వేళ్ళ చివర నలుపు ఇప్పటికీ పోలేదు. రేపు వచ్చే పిల్లలకి అచ్చువెయ్యడం అంటే ఏమిటో చూపించాలని, బంగాళాదుంపలు సగానికి కోసి, సిరా పళ్ళెం పెట్టుకున్నాడు.

"రా, నువ్వే మొదలుపెట్టు," అన్నాడు రేణుతో. "నీ పేరులో మొదటి అక్షరం చెక్కు."

రేణు తల్లికేసి ఒకసారి చూసి, చిన్న చాకుని ఎడంచేత్తో తీసుకుంది. పెదవి కొరుక్కుంటూ చాలా జాగ్రత్తగా అక్షరం చెక్కింది. సిరాలో అద్ది, కాగితంమీద నొక్కి, ఎత్తింది. అక్షరం వెనక్కి తిరిగి ఉంది.

"అందరూ మొదటిసారి అదే చేస్తారు," అని నవ్వాడాయన. "పలకమీద సరిగ్గా చెక్కితే కాగితంమీద తిరగబడుతుంది. తిప్పి చెక్కితేనే సరిగ్గా వస్తుంది. అక్షరాలైతే తప్పు వెంటనే తెలిసిపోతుంది కనక ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిప్పి చెక్కుతారు. బొమ్మలైతే ఎవడు చూడొచ్చాడు? ఎవరో గీసి పంపిన బొమ్మ ముందర పెట్టుకుని, ఉన్నదున్నట్టు రాగిరేకుమీద చెక్కేసేవాళ్ళు. ఆ పెట్టెలో ముక్కలు చూడు. సగంమంది సైనికులు ఎడంచేత్తో కత్తి పట్టుకుని ఉంటారు."

వసుమతి గోడ దగ్గర, మిసెస్ హేన్స్‌కి చూపించడానికి తెచ్చిన అద్దకం చీర మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి.

అంచుమీద చిలకలు ఆమెకేసే చూస్తున్నాయి. చిన్నప్పుడు అద్దకం షెడ్డులో చెక్క అచ్చులు ఎన్ని చూసింది. అచ్చుమీద చిలక ఇటు తిరిగి ఉంటే గుడ్డమీద చిలక అటు తిరిగేది. ఆ వింత చూడ్డానికే బడి నుంచి వస్తూ గుమ్మంలో నిలబడేది. బందరు పిల్లకి ఇది ఎవరైనా చెప్పాలా? కోపంలో ఉన్న మనిషికి కళ్ళెదుట ఉన్నదైనా కనపడదు కాబోలు.

చీర బల్లమీద పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బొట్టు అద్దం తీసుకుని గాజుపెట్టె దగ్గరకు వెళ్ళింది. డైమన్ ఎనిమిదికి పక్కగా అద్దాన్ని నిలబెట్టి వంగి చూసింది.

అద్దంలో పైట ఎడమభుజం మీదకి వచ్చింది. పళ్ళెం కుడిచేతిలోకి వచ్చింది. కచ్చపోసి కట్టిన చీర కుచ్చెళ్ళు సరైన వైపుకి తిరిగాయి. వసుమతి నాయనమ్మ బావి దగ్గర అలాగే నిలబడేది, బరువంతా ఒక కాలిమీద వేసి. ఇప్పుడు తలలోని ఈకలు కూడా ఇంకోలా కనిపించాయి. ఈకకి ఉండాల్సిన నూగు వాటికి లేదు. నడిమికి మడతపడి, అంచులంట సన్నసన్నటి ముళ్ళు. సూదిమొనతో ఒక్కో ముల్లూ చెక్కాడు. మొగలిరేకులు. జడలో తురుముకున్న మొగలిరేకులు.

అయితే ఎవరో చూశారు. బందరులో ఓడ దిగి, ఎండలో ఆవిడ ఎదురుగా నిలబడి, ముళ్ళతో సహా చూసి గీశారు. ఆ కాగితం సముద్రాలు దాటి వెళ్ళాక, బందరు మొహం ఎరగని చేతులు దాన్ని తిరగేసి అచ్చువేశాయి.

"మిసెస్ హేన్స్," అని పిలిచింది. "నేను పొరపడ్డాను. ఈవిడ మా మనిషే."

మిసెస్ హేన్స్ వచ్చి అద్దంలో చూసింది. ఆమె భర్త కూడా లేచి వచ్చాడు. వసుమతి ముల్లు ముల్లూ చూపించి చెప్పింది. ఆ పువ్వు సముద్రపుటొడ్డున పొదల్లో పూస్తుందనీ, పెట్లో ఒక్క రేకు వేస్తే బట్టలన్నీ ఏడాది పొడుగునా వాసనేస్తాయనీ చెప్పింది. అంత ఇంగ్లీషు ఆమె ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎంత బాగుంది," అంది మిసెస్ హేన్స్. "అయితే ఇబ్బందే లేదు. రేణు కుడిచేత్తో పట్టుకుంటే అదే అసలైనది. రేణూ, రా, చూడు."

రేణు సిరా చేతులు ఒంటికి తగలకుండా ఎత్తిపెట్టుకుని వచ్చింది. వంగి అద్దంలో చూసింది. చాలాసేపు చూసింది.

"ఓ," అంది. "సో, షీ ఈజ్ నార్మల్."

మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. బస్సులో పక్క సీటు ఖాళీ అయితే మనిషి కిటికీవైపు తిరిగినట్టు, అటు తిరిగి తన దుంప దగ్గరకు వెళ్ళిపోయింది.

వసుమతి చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. తను ఏది కావాలని మంగళవారం నుంచీ కుతకుతలాడిందో అది దొరికింది. బందరావిడ పరువు నిలబడింది. కానీ మూడు రోజులపాటు తన కూతురికి ప్రపంచంలో ఒక తోడు ఉండేది. ఇప్పుడు అది లేదు.

*

ఇంటికొచ్చేదారిలో రోడ్డుపక్కన పొలంవాళ్ళు మొక్కజొన్న కండెలు అమ్ముతున్నారు. వసుమతి కారు ఆపి ఒక సంచి నిండా కొంది. సాయంత్రం వంటింటి బల్లమీద కండెలు ఒలిచి, కండెలు ఒక పక్కకీ తొక్కలు ఒక పక్కకీ వేస్తోంటే దామోదర్ వచ్చి, "వసూ, తినేది అవతలి కుప్ప," అన్నాడు.

"తెలుసులెండి."

పైపొరలు పచ్చగా ఉన్నాయి, పనికిరావు. లోపలి పొరలు లేత పసుపు. వాటిని ఒక్కొక్కటే తీసి, కత్తెరతో చివర సూదిగా కత్తిరించి, నడిమికి మడిచి, గోటితో గీటు పెట్టింది. తడిగుడ్డలో చుట్టింది. కాసేపటికి ఎదురుగా ఎవరో కూర్చున్న చప్పుడైంది. రేణు ఒక తొక్క తీసుకుని, అమ్మ చేస్తున్నట్టే మడిచింది. కత్తెర ఎడంచేతిలో ఉంది. ఆ కత్తెర కుడిచేతివాళ్ళ కోసం చేసిందవడంతో తొక్క తెగకుండా నలుగుతోంది. వసుమతి చూసింది. తను కత్తిరించి రేణుకి ఇచ్చింది. రేణు మడిచి గుడ్డలో పెట్టింది. అలా కుప్ప అయిపోయేదాకా చేశారు.

శనివారం తలంట్లు అయ్యాక వసుమతి కూతుర్ని నిలువుటద్దం ముందు నిలబెట్టింది.

"ముక్కలో ఎలా ఉందో అలాగే కడతాను," అంది.

"మిర్రర్‌లో ఉన్నట్టా?"

"కాదు. ముక్కలో ఉన్నట్టు."

రేణు చేతులు పక్కలకి చాచి నిలబడింది.

కట్టడం మొదలుపెడితే గాని అదెంత కష్టమో వసుమతికి తెలియలేదు. చెంగు అటునుంచి ఇటు తిప్పాలి. చెయ్యి అలవాటుకొద్దీ ఇటునుంచి అటు వెళ్తోంది. కుచ్చెళ్ళు పోస్తుంటే వేళ్ళు తడబడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని, చేతులు తనవి కానట్టు అయిపోయాయి. కుచ్చెళ్ళు చేతిలోంచి జారి నేలమీద పడ్డాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ జారాయి. నుదుట చెమట పట్టింది. పిల్ల చేతిలోంచి జారిన ఆపిల్ గుర్తొచ్చింది. అన్నం కలపబోయి కంచం అవతలికి చిందించిన మెతుకులు గుర్తొచ్చాయి. హారతి పళ్ళెం వంకరపోయి కార్పెట్ కాలిన మచ్చ, దానిమీద తను వేసిన చాప. ఆ రోజు తను అన్న మాటలు.

"అమ్మా, ఐ కెన్ హోల్డ్ ఇట్," అని రేణు మెల్లిగా కుచ్చెళ్ళ పైభాగం పట్టుకుంది. ఎడంచేత్తో. చెయ్యి కదలకుండా పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో," అంది వసుమతి. పిన్ను గుచ్చి, మొక్కజొన్న రేకులు ఒకటొకటే జడలో తురిమింది. నిజం మొగలిరేకులైతే ఇల్లంతా వాసనేసేది.

లైబ్రరీకి అరవై డెబ్బైమంది వచ్చారు. డైమన్ ఎనిమిది పక్కన మిసెస్ హేన్స్ ఒక అద్దం నిలబెట్టించింది, చూసేవాళ్ళు రెండువైపులా చూసుకోవచ్చునని. ఆ ఉపాయం వసుమతిదే. ఫోటో పక్కన రేణు పళ్ళేన్ని ఎడంచేత్తో చాచి నిలబడింది. పళ్ళెం వణకలేదు. ఒక ముసలాయన ముక్కకేసీ అద్దంకేసీ రేణుకేసీ మార్చిమార్చి చూసి, "ఇందులో నిజమైనది ఏది?" అని అడిగాడు.

రేణు తల్లికేసి చూసింది.

"రెండూ," అంది వసుమతి.

ఆయన తల ఊపి, "తీసుకోవచ్చా?" అని పళ్ళెంలోంచి ఒక ద్రాక్షపండు తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"పొద్దుటినుంచీ చూస్తున్నాను," అన్నాడు దామోదర్ భార్య చెవిలో. "పేకముక్కల మధ్య నిలబడి నవ్వుతున్నావు. ఇంక ఆ గరాజ్‌లో ఉన్నవాటిని..."

"గరాజ్‌లోనే ఉంచండి," అంది వసుమతి.

సాయంత్రం, బియ్యప్పిండీ బెల్లం తురుమూ నేతితో కలిపి ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, నెయ్యి పోసి, వత్తి వేసింది. పటం ముందు పెట్టింది. రేణు వచ్చి పక్కన మఠం వేసుక్కూర్చుంది. జడలో రేకులు ఇంకా తియ్యలేదు, ఎండి వంకర తిరిగాయి. ఎప్పట్లాగే కుడిచెయ్యి తల్లి గుప్పిట్లోకి వచ్చేలా ముందుకు పెట్టింది.

వసుమతి దాన్ని తీసుకోలేదు. కుడిపక్కనున్న అగ్గిపెట్టె తీసి, రేణుకి ఎడమపక్కన పెట్టింది.

ఎదురుగా పటంలో ఉన్న స్వామికి పిల్ల ఎడమచెయ్యి ఆయన కుడివైపునే కదా ఉంటుంది, అన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చినదాన్ని పోనిచ్చింది. దానికి అంత లెక్క అక్కరలేదనిపించింది.

"ఏ చేత్తో?" అంది రేణు.

"నీ చేత్తో."

రేణు అగ్గిపుల్ల గీసింది. మంట నిటారుగా నిలబడింది. వత్తి అంటుకునేదాకా ఆ చెయ్యి కదల్లేదు. వసుమతి కళ్ళు మూసుకుని, మొక్కు తీర్చడం ఆలస్యమైంది స్వామీ, తప్పు నాది, అనుకుంది.

దీపం కొండెక్కేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. తర్వాత రేణు కమురు వాసనేసే ఆ తియ్యటి పిండిముద్దని తుంచి, ఒక ముక్క తల్లికి అందించబోయి, సగంలో ఆగి, చెయ్యి మార్చుకోబోయింది.

"ఉండనీ," అంది వసుమతి. ఎడమ అరచేతిమీద కుడి అరచెయ్యి ఆనించి, కూతురి ఎడమచేతి కింద పట్టి, ప్రసాదం పుచ్చుకుని, కళ్ళకద్దుకుంది.